మాల వేసిన 41 రోజులు: ఒక బండల కార్మికుడి ఓపియాయిడ్ చికిత్సలో ఏం జరిగింది

వయసు 27. తాడిపత్రి దగ్గర బండల ఫ్యాక్టరీలో లోడింగ్ పని. భార్య, రెండేళ్ళ పాప. మూడేళ్ళుగా టాపెంటడాల్ అనే, నల్లమందులా పనిచేసే (ఓపియాయిడ్) నొప్పి మాత్రలకు అలవాటు, అందులో చివరి పద్నాలుగు నెలలు సూదితో. అనంతపురంలో డీ-అడిక్షన్ (మత్తు మాన్పించే) ఓపీ మెట్లెక్కింది మత్తు మానేద్దామని కాదు. ఎడమ మోచేతి మడతలో గడ్డ లేచి, చెయ్యి ముడవలేక వచ్చాడు.

ఒకే తీరున ఉన్న కొన్ని కేసులను కలిపి, మనిషిని గుర్తుపట్టే వివరాలన్నీ మార్చి ఇది రాస్తున్నాం. మోతాదులు, జాగ్రత్తలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాం. సూదులు వేసుకున్న పద్నాలుగు నెలల్లో ఈ మనిషి ప్రాణానికి రాని గండం, పూర్తిగా మానేసిన 41 రోజుల తరువాత వచ్చింది. ఇది ఎందుకు జరుగుతుందో చికిత్స చేసేవాళ్ళు, ఇంట్లోవాళ్ళు, ఊళ్ళోవాళ్ళు అందరూ తెలుసుకోవాలి.

అలవాటు మొదలైన దారి

నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అంగుళంన్నర మందం ఉన్న నాపబండ దాదాపు 70 కిలోలు తూగుతుంది. అలాంటివి లారీకి ఎక్కించే పనిలో ఇరవై నాలుగేళ్ళకే నడుము పట్టేసింది. డాక్టరు రాసిన చీటీ మీద టాపెంటడాల్ 50 మి.గ్రా., రోజుకు రెండు, ఐదు రోజులకు. మాత్ర వేసుకున్నరోజు నొప్పి తెలియలేదు, పైగా రెండు లారీలు ఎక్కువ ఎక్కించాడు. ఐదు రోజులయ్యాక అదే చీటీ మీద మళ్ళీ కొన్నాడు. ఆరు నెలలకు రోజుకు 100 మి.గ్రా. మాత్రలు నాలుగు, ఏడాదికి ఎనిమిది. ఆ తరువాత తోటి హమాలీ చూపించిన దారిలో సూది.

ఓపియాయిడ్ నొప్పి మాత్రలన్నీ మెదడులో నల్లమందు పనిచేసే చోటే పనిచేస్తాయి. టాపెంటడాల్ దానితోపాటు నార్‌ఎడ్రినలిన్ అనే మెదడు రసాయనాన్ని కూడా పెంచుతుంది. ట్రమడాల్‌దీ దగ్గరి పోలికే, అందులో ఫిట్స్ ప్రమాదం ఎక్కువ. ట్రమడాల్‌ను 2018లో మత్తుమందుల నియంత్రణ చట్టమైన ఎన్‌డీపీఎస్ కిందికి తెచ్చారు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసిన జాతీయ సర్వే 2019లో వచ్చింది. దేశంలో ఓపియాయిడ్లు వాడేవాళ్ళు సుమారు 2.26 కోట్ల మంది అని, వైద్యానికి వాడాల్సిన ఓపియాయిడ్ మందులను మత్తుకు వాడేవాళ్ళు జనాభాలో ఒక శాతానికి దగ్గరగా, 0.96 శాతం ఉన్నారని తేలింది. మన దగ్గర ఇంట్లోవాళ్ళు గంజాయి వాసన పసిగడతారు, సారాయి వాసన పసిగడతారు. మాత్రకు వాసన లేదు. "నొప్పికి బిళ్ళ మింగుతాండాడు అనుకుంటిమి సార్" అని ఈయన భార్య అన్న మాటే చాలా ఇళ్ళలో వింటాం.

మొదటి రోజు చూసినవి

మోచేతి మడతలో నాలుగు సెంటీమీటర్ల గడ్డ, చుట్టూ ఎరుపు, వేడి. ఇలాంటి గడ్డ మీద కత్తి పెట్టేముందు వేలు ఆనించి ఒక నిమిషం చూడాలి. నాడిలా కొట్టుకుంటుంటే అది చీముగడ్డ కాకపోవచ్చు. సూది ధమనికి తగిలి ఏర్పడిన రక్తపు ఉబ్బు కావచ్చు, కోస్తే రక్తం ఆగదు. గజ్జల్లో, మోచేతి మడతలో గడ్డను కోసేముందు రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కాన్ చేయించడం మంచిది. ఈయనకు కొట్టుకోలేదు, స్కానులో చీమే కనిపించింది. కోసి తీసి, చీమును కల్చర్‌కు పంపి, ధనుర్వాతం టీకా ఇచ్చి, రోజూ కట్టు మార్చారు.

మాత్రల్లో మందు కొంచెమే ఉంటుంది, మిగతాది బిళ్ళ కట్టడానికి వాడిన టాల్క్, సెల్యులోజ్ లాంటి కరగని పొడి. నరంలోకి వెళ్ళిన ఆ పొడి ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటుంది, నరాలు గట్టిపడతాయి, పొరపాటున ధమనిలోకి వెళితే వేళ్ళు కుళ్ళి తీసేయాల్సి వస్తుంది. మింగే మాత్రను సూదికి ఎక్కించడం హెరాయిన్ కంటే మేలనుకోవడం పెద్ద పొరపాటు.

మూత్ర పరీక్ష స్ట్రిప్పులో 'ఓపియేట్ నెగెటివ్' వచ్చింది. వాళ్ళ అన్న ఆ కాగితం పట్టుకుని "చూడండి సార్, వీడు ఏమీ తీసుకోవడంలేదు" అన్నాడు. మామూలు స్ట్రిప్పు మార్ఫిన్ జాతిని పట్టేది. టాపెంటడాల్, ట్రమడాల్ అందులో కనపడవు. ఇక్కడ ఆ పరీక్షకు విలువ తక్కువ. కనుపాప, సూది మచ్చలు, మనిషి చెప్పే మాట, వీటిని నమ్ముకోవాలి.

రక్త పరీక్షల్లో హెచ్.ఐ.వి. నెగెటివ్, హెపటైటిస్-బి నెగెటివ్, హెపటైటిస్-సి యాంటీబాడీ పాజిటివ్.

"ఆ మందు నాకు పడదు"

మత్తు మాత్రలకు బదులుగా చికిత్సలో ఇచ్చే బ్యుప్రెనార్ఫిన్ పేరెత్తగానే వద్దన్నాడు. ఎప్పుడో స్నేహితుడు తెచ్చిచ్చిన 4 మి.గ్రా. నాలుక కింద పెట్టుకుంటే, గంటలోపే వాంతులు, విరేచనాలు, ఒళ్ళంతా గుంజుడు, చచ్చిపోతానేమో అనిపించిందట. అంతకు రెండు గంటల ముందే సూది వేసుకున్నాడని అడిగితేగాని బయటికి రాలేదు. లోపం మందుది కాదు, వేళది. బ్యుప్రెనార్ఫిన్ మెదడులోని ఓపియాయిడ్ గ్రాహకాలను చాలా గట్టిగా పట్టుకుంటుంది, కాని సగం మాత్రమే పనిచేస్తుంది. పాత మందు ఇంకా అక్కడ ఉండగా ఇది వస్తే, దాన్ని నెట్టేసి సగం బలంతో కూర్చుంటుంది, మనిషి ఒక్కసారిగా విత్‌డ్రాయల్‌లో (అలవాటైన మత్తు అందకపోతే వచ్చే బాధల్లో) పడతాడు. "సీటులో ఇంకొకరు కూర్చునుండగా లాగి పారేస్తే కొట్లాట అవుతుంది, వాళ్ళు వాళ్ళంతట లేచాక కూర్చుంటే ఏ గొడవా ఉండదు" అని తాడిపత్రి బస్సు ఉదాహరణ చెబితే వెంటనే అర్థమైంది.

కట్టు మార్చడానికి వచ్చిన నాలుగో రోజు ఒప్పుకున్నాడు. ముందురోజు రాత్రి 8 గంటలకు చివరి సూది. ఉదయం 9కి కౌస్ స్కోరు 7. నాడి, చెమట, ఆవులింత, ముక్కు కారడం, కనుపాప, రోమాలు నిక్కబొడుచుకోవడం లాంటి పదకొండు అంశాలకు, విత్‌డ్రాయల్ ఎంత ఉందో కొలవడానికి వేసే మార్కులే కౌస్. మందు మొదలుపెట్టడానికి 7 చాలదు. ఆ రెండు గంటలు కూర్చోబెట్టడమే కష్టం, ఇద్దరు మనుషులు పక్కన ఉండాలి. 11కి 13 వచ్చింది, చేతులమీద రోమాలు నిక్కబొడుచుకోవడం స్పష్టంగా కనిపించింది. అప్పుడు బ్యుప్రెనార్ఫిన్ 2 మి.గ్రా., నాలోక్సోన్ 0.5 మి.గ్రా. కలిసిన ఒక మాత్ర నాలుక కింద. నోరు ఎండిపోయి ఉంటే మాత్ర కరగదు, అందుకే ముందు ఒక గుక్క నీళ్ళతో నోరు తడపాలి. పెట్టాక పది నిమిషాలు మాట్లాడకూడదు, ఉమ్మి మింగకూడదు. మింగేస్తే కాలేయంలోనే చాలావరకు పాడైపోతుంది, "మందు పనిచేయలేదు" అనే ఫిర్యాదుల్లో ఎక్కువ ఇదే. కరిగాక నీళ్ళతో పుక్కిలించాలి. పళ్ళు మాత్రం గంట తరువాతే తోముకోవాలి, లేకపోతే పళ్ళు దెబ్బతింటాయి.

మధ్యాహ్నం 12కి స్కోరు 8, మరో 2 మి.గ్రా. సాయంత్రం 4కి మరో 2. మొదటిరోజు మొత్తం 6. రెండోరోజు 8. ఐదోరోజుకు 10 మి.గ్రా. దగ్గర నిద్ర పట్టింది, సూది మీద ధ్యాస తగ్గింది. మలబద్ధకానికి ఇసబ్‌గోల్ మొదటిరోజు నుంచే రాయాలి, అది రాకముందే. లేకపోతే ఆ ఇబ్బందికే మందు మానేస్తారు.

రోజు కూలీకి, రోజు డోసుకు పొత్తు కుదరక

ఈ మందు బయట మెడికల్ షాపులో దొరకదు, డీ-అడిక్షన్ కేంద్రాలకే సరఫరా. మొదటి వారాలు రోజూ కళ్ళముందే వేసుకోవాలి. తాడిపత్రి నుంచి అనంతపురం 50 కిలోమీటర్లకు పైనే. ఉదయం బస్సెక్కి, మందు వేసుకుని తిరిగివెళ్ళేసరికి లోడింగ్ అయిపోతుంది, ఆరోజు కూలి పోతుంది. రెండోవారంలో మూడు రోజులు రాలేదు. ఆ మూడు రోజుల్లో రెండుసార్లు సూది వేసుకున్నానని తనే చెప్పాడు.

ఇక్కడ చాలాచోట్ల "నిబంధన తప్పావు, పేరు కొట్టేస్తున్నాం" అంటారు. మా అభిప్రాయంలో చికిత్సలో చేసే తప్పుల్లో దీన్ని మించింది లేదు. సూది వేసుకున్నానని చెప్పినందుకు మందు ఆపేస్తే, తరువాత వచ్చేవాడు అబద్ధం చెప్పడం నేర్చుకుంటాడు. మేస్త్రితో మాట్లాడి అతన్ని కొంతకాలం మధ్యాహ్నం షిఫ్టుకు, బరువు లేని ఎడ్జ్ కటింగ్ పనికి మార్పించాం. రోగం పేరు మేస్త్రికి చెప్పలేదు, నడుముకు వైద్యం అనే చెప్పాం, అది నిజమే. నాలుగో వారం నుంచి కేంద్రం నిబంధనలకు లోబడి మూడురోజుల మాత్రలు ఇంటికి, తరువాత ఏడు రోజులవి. పాపకు అందని చోట, తాళం ఉన్న డబ్బాలో. ఒక్క మాత్ర చిన్నపిల్లల ఊపిరి ఆపగలదు, ఆ మాట భార్యకు రెండుసార్లు చెప్పి, తిరిగి ఆమెతో చెప్పించుకోవాలి.

నడుము నొప్పి మాత్రం ఎటూ పోలేదు. మత్తుకు దారి చూపిన నొప్పిని వదిలేసి వైద్యం చేస్తే మనిషి మళ్ళీ అదే షాపుకు వెళతాడు. బ్యుప్రెనార్ఫిన్ తపనను రోజంతా ఆపుతుంది గాని, నొప్పిని ఆపేది ఆరు నుంచి ఎనిమిది గంటలే. ఇంటికి మందు ఇవ్వడం మొదలయ్యాక అదే 10 మి.గ్రా.ను ఉదయం 4, మధ్యాహ్నం 2, రాత్రి 4గా విడగొట్టాం. ఫిజియోథెరపీలో నడుము వ్యాయామాలు, బండను మోకాళ్ళు వంచి ఇద్దరు ఎత్తడం. మోతాదు పెంచకుండానే నొప్పి సగానికి తగ్గిందన్నాడు.

సూది గురించి దాచకుండా

మొదటి రెండు నెలలు అప్పుడప్పుడు సూది వేసుకుంటూనే ఉన్నాడు. వేసుకోవద్దని చెప్పడం ఒక్కటే సరిపోదు. ప్రతిసారీ కొత్త సిరంజి. సిరంజి ఒక్కటే కాదు, నీళ్ళు, దూది, కలిపే మూత కూడా పంచుకోకూడదు. హెపటైటిస్-సి వీటితో కూడా వ్యాపిస్తుంది, సిరంజి మార్చినా మూత మార్చరు. చేతులు సబ్బుతో కడగాలి. మెడలో, గజ్జల్లో వేసుకోకూడదు. గదిలో ఒక్కడే ఉండి వేసుకోకూడదు. వాడిన సూదులు మూత బిగించిన గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి ఆసుపత్రికే తెచ్చివ్వాలి, చెత్తకుండీలో వేస్తే మునిసిపాలిటీ కార్మికుల చేతుల్లో గుచ్చుకుంటాయి.

సిరంజి ఇచ్చినా, అమ్మినా కేసవుతుందని భయపడే షాపులున్నాయి. హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం 2017లో 22వ సెక్షన్ ఈ భయం పోగొట్టడానికే ఉంది. హెచ్.ఐ.వి. వ్యాప్తి తగ్గించే పద్ధతులను, శుభ్రమైన సూదులు, ఓపియాయిడ్ ప్రత్యామ్నాయ చికిత్సతో సహా, నేరంగా చూడకూడదని అది చెబుతుంది. ఎన్‌డీపీఎస్ చట్టం 64ఎ సెక్షన్ కింద వాడకం లేదా చిన్న పరిమాణం కేసుల్లో ఇరుక్కున్న వ్యసనపరుడు తనంతట చికిత్సకు వస్తే విచారణ నుంచి రక్షణ దొరుకుతుంది, చికిత్స మధ్యలో వదిలేయకపోతే. చికిత్స కార్డు జేబులో పెట్టుకోమనేది అందుకే.

హెపటైటిస్-సికి యాంటీబాడీ పాజిటివ్ అంటే జబ్బు ఇంకా ఉందని కాదు, వైరస్ ఒంట్లో ఉందో లేదో చూపే ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేయాలి. ఈయనకు వైరస్ ఉంది. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమంలో మందులు ఉచితం. సిర్రోసిస్ (కాలేయం గట్టిపడటం) లేదు కాబట్టి సోఫోస్‌బువిర్ 400 మి.గ్రా., డక్లాటాస్‌విర్ 60 మి.గ్రా., రోజుకొకటి చొప్పున 12 వారాలు. సూది పూర్తిగా మానేదాకా ఆగమనడం సరికాదు. హెపటైటిస్-బి టీకా 0, 1, 6 నెలలకు.

కార్తీకమాసం

నవంబరులో మాల వేసుకున్నాడు. ఏటా వేసుకునేవాడే. మాలలో మత్తు కలిగించే బిళ్ళ ముట్టకూడదని బ్యుప్రెనార్ఫిన్ మానేశాడు. ఎవరితోనూ చెప్పలేదు. ఏడురోజుల మందు తీసుకోవడానికి రాకపోతే కేంద్రం నుంచి రెండుసార్లు ఫోను చేశారు, ఎత్తలేదు, అక్కడితో వదిలేశారు. అది మా వైపు మొదటి లోపం. రెండోది దానికంటే పెద్దది. మన ప్రాంతంలో మాలలు, రోజాలు, జాతర మొక్కులు ఏ నెలలో వస్తాయో అందరికీ తెలుసు, అక్టోబరులోనే "ఈసారి మాల వేస్తున్నావా?" అని అడగాల్సింది.

దీక్ష తక్కువదేం కాదు. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం, చుట్టూ స్వాములు, సాయంత్రం భజన, పాత స్నేహితుల పొడ లేకపోవడం. మేము ఎంత ప్రయత్నించినా కట్టలేని కట్టుబాటు, తోడు అది. నిదానంగా వచ్చిన విత్‌డ్రాయల్‌ను ఆ తోడుతోనే భరించాడు. దీక్షకు చేతకానిది ఒక్కటే, శరీరం ఓపియాయిడ్‌కు అలవాటు కోల్పోకుండా ఆపడం. మత్తుకు పడిన అలవాటును శరీరం వేగంగా వదిలేస్తుంది, రెండు మూడు వారాలు చాలు. జైలు నుంచి వచ్చినవాళ్ళు, డీటాక్స్ చేసి (ఒంట్లోని మత్తు దింపి) మందు ఇవ్వకుండా పంపిన వాళ్ళు మొదటి వారాల్లోనే ఎక్కువగా చనిపోయేది ఇందుకే.

శబరిమల నుంచి వచ్చి మాల తీసిన మూడోరోజు రాత్రి, పాత స్నేహితుడితో. "మునుపటి దాంట్లో సగమే కదా" అనుకుని నాలుగు మాత్రలు, పైన రెండు అల్ప్రజోలం నిద్రమాత్రలు, కొంచెం సారాయి. 41 రోజుల కిందటి శరీరానికి అది సగం. ఆరోజు శరీరానికి అది విషం. అల్ప్రజోలం, సారాయి రెండూ ఊపిరిని ఇంకా అణిచేస్తాయి.

ఇంటికొచ్చి పడుకున్నాక గురక మామూలుగా లేదని భార్య లేచింది. గొంతులో గురగురమనే గురక, మధ్యలో పది పదిహేను సెకన్లు నిశ్శబ్దం. పెదాలు నేరేడుపండు రంగు. పేరుపెట్టి పిలిచింది, రొమ్ముఎముక మీద పిడికిలి కణుపులతో గట్టిగా రుద్దింది, ఉలకలేదు. జూలైలో ఓపీలో దిండు మీద చూపించిన పని అప్పుడు చేసింది. 108కి ఫోను చేసి స్పీకర్‌లో పెట్టింది. వెల్లకిలా పడుకోబెట్టి, నోట్లో ఉన్నది వేలితో తీసి, తల వెనక్కి వంచి గడ్డం ఎత్తి, ముక్కు మూసి, నోట్లోకి గాలి ఊదింది. ఐదు సెకన్లకు ఒకటి, రొమ్ము లేస్తోందో లేదో చూస్తూ. అత్త మజ్జిగ తెస్తే ఆపింది. స్పృహలేని మనిషి నోట్లో మజ్జిగ, నిమ్మరసం, చింతపండు రసం ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అంబులెన్సు వచ్చేదాకా ఊదుతూనే ఉంది.

ఆసుపత్రిలో ఓపియాయిడ్ పనిని తిప్పికొట్టే నాలోక్సోన్ 0.4 మి.గ్రా. ఇంజెక్షన్, మూడు నిమిషాలకు మరొకటి. ఊపిరి తిరిగింది, కళ్ళు తెరిచాడు. లేచిన వెంటనే ఇంటికి పోతానన్నాడు, పోనివ్వలేదు. నాలోక్సోన్ పని అరగంట నుంచి గంటన్నర, కడుపులోని మాత్రల పని అంతకంటే ఎక్కువ. గంట తరువాత మళ్ళీ మగతలోకి జారాడు, మూడో ఆంపూల్ (ఇంజెక్షన్ మందు గాజు బుడ్డి) పడింది.

ఆ ఆంపూళ్ళు ఇంట్లోనే ఉండాల్సింది. చీటీ జూలైలో రాసిచ్చాం, షాపులో లేదన్నారు, మళ్ళీ ఎవరూ అడగలేదు. చీటీ రాస్తే పని అయిపోయిందనుకోవడం మా మూడో లోపం. ఇప్పుడు రెండు ఆంపూళ్ళు, రెండు సిరంజిలు ఒక డబ్బాలో పెట్టి ఓపీలోనే చేతికిస్తున్నాం. తొడ బయటివైపు కండలో, బట్టలమీదుగానైనా వేయడం నేర్పి పంపుతున్నాం.

మళ్ళీ మొదలు

ఇంటికి పంపేముందే చికిత్స మళ్ళీ మొదలుపెట్టాలి, "వచ్చే వారం ఓపీకి రా" అంటే ఆ వారంలోనే పోతారు. కాని పాత 10 మి.గ్రా. ఇవ్వకూడదు, మత్తు పూర్తిగా దిగాక 2 మి.గ్రా.తో మొదలుపెట్టి ఆరురోజుల్లో 8కి తెచ్చాం. ఇంట్లో రెండు పట్టుదలలు వచ్చాయి. అన్న గదిలో పెట్టి గొలుసు వేద్దామన్నాడు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, 95వ సెక్షన్ గొలుసు వేయడాన్ని నిషేధించిందని, మత్తు వ్యసనం కూడా ఆ చట్టం కిందికే వస్తుందని చెప్పాం. అంతకంటే, గొలుసు విప్పిన రోజున మాల తీసిన రోజు కథే మళ్ళీ జరుగుతుందని చెబితే ఆయనకు ఎక్కింది. తల్లి అన్నంలో కలిపే పొడి ఒకటి తెచ్చింది. తెలియకుండా పెట్టే అలాంటి పొడుల్లో సారాయి మాన్పించే డైసల్ఫిరామ్ ఉంటే, మందు తాగినరోజు ప్రాణం పోవచ్చు. పారేయించాం.

అన్నిటికంటే ఉపయోగపడినది గురుస్వామితో మాట్లాడటం. రోగి అనుమతి తీసుకుని, అతని భార్యను వెంటబెట్టుకుని వెళ్ళాం. బ్యుప్రెనార్ఫిన్ కుదురుకున్న మోతాదులో మత్తు ఎక్కించదని, ఊపిరికి కాపలా కాస్తుందని చెబితే ఆయన కాసేపు ఆలోచించి "షుగరు మాత్ర ఏసుకునే సాములు మా గుంపులో నలుగురుండారు, రోజూ ఏసుకుంటారు. ఇదీ అట్లాంటిదే గదప్పా" అన్నాడు. డాక్టరు నూరుసార్లు చెప్పినా దిగని మాట ఆయన నోట ఒక్కసారికే దిగింది. రోజాలు ఉండేవాళ్ళకు ఇమాం మాట ఇంతే బలంగా పనిచేస్తుంది. మామూలుగా రోజుకొక్కసారి వేసుకునే మందు కాబట్టి, ఇఫ్తార్ తరువాతకో సహరీకి ముందుకో మార్చుకునే వీలుంది.

ఇంట్లో తలుపు వెనక ఒక కాగితం అంటించి ఉంది: 108. కింద 14446, మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్. దాని కింద 14416, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్, రాత్రిపూట భార్యకు దిగులు పట్టినప్పుడు ఆమె కోసం. మాత్రలు చీటీ లేకుండా అమ్మే చోటు గురించి చెప్పదలిస్తే 1972, మత్తుమందులను అరికట్టే రాష్ట్ర పోలీసుల ఈగల్ విభాగం నెంబరు. చికిత్సకు, ఫిర్యాదుకు నెంబర్లు వేరువేరుగా రాయాలి, కలిపి రాస్తే ఏ నెంబరుకూ చేయరు.

సోఫోస్‌బువిర్ కోర్సు పూర్తయిన 12 వారాలకు చేసిన ఆర్‌ఎన్‌ఏ పరీక్షలో వైరస్ లేదు. మోచేయి మానింది, మచ్చ ఉంది. సూది మధ్యలో ఒక్కసారి, మే నెలలో, మరుసటిరోజే వచ్చి చెప్పాడు. మోతాదు 12కి పెరిగింది. ఎప్పుడు తగ్గిస్తారని అన్న అడుగుతూ ఉంటాడు. ఇప్పట్లో తగ్గించే ఆలోచన మాకు లేదు, ఏళ్ళు పట్టినా పట్టనీ.

ఈ నవంబరులో మళ్ళీ మాల వేశాడు. ఉదయం స్నానం, పూజ, తరువాత నాలుక కింద మాత్ర, పది నిమిషాలు మౌనం. శబరిమల ప్రయాణానికి ఎనిమిది రోజుల మందు, దారిలో పోలీసులు అడిగితే చూపించడానికి కేంద్రం ముద్రతో ఉత్తరం, చికిత్స కార్డు నకలు. రెండు నాలోక్సోన్ ఆంపూళ్ళు పక్క సీటులో కూర్చునే స్వామి సంచిలో ఉన్నాయి. వాటి గడువు మార్చిలో తీరుతుంది, ఫిబ్రవరి ఓపీలో మార్చాలని కార్డు మీద ఎర్ర సిరాతో రాసి ఉంది.